జానెడు తాడు

మాస్టరు పొద్దున్నే మంచం దిగడం చూసేవాళ్లకు వేడుకే గాని, దిగేవాడికి కాదు. ముందు కుడిపక్కకు ఒత్తిగిల్లాలి. మోకాళ్లు పొట్ట దాకా లాక్కోవాలి. మంచం పట్టె పట్టుకుని పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద ఆనించాలి. అప్పుడు గాని వీపును పరుపు మీంచి విడదీయకూడదు. ఇంత జాగ్రత్తపడ్డా నడుములో కుడివైపు ఎక్కడో ఒక మేకు కదిలినట్టవుతుంది. "వచ్చావా" అంటాడు దాంతో, మనసులోనే. ఏడాదిగా ఇదే వరస. పక్కన భార్య కళ్లు తెరవకుండానే, "ఇవాళ్టికైనా మానకూడదూ ఆ పరుగు?" అంటుంది. ఆవిడా ఏడాదిగా అదే మాట అంటోంది. మాస్టరు బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగలేక, కాలు గోడకు తన్నిపెట్టి కాసేపు అవస్థపడతాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి, కింద వాటాలో ఉండే అక్క తలుపు కొడతాడు.

మనిషి ఆరడుగుల మూడంగుళాలు. బళ్లో పిల్లలు పెట్టిన పేరు నిచ్చెన. ఇప్పుడు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు కాబట్టి ఆ పేరు నలుగురిలో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు గాని, వెనకాల ఇంకా నడుస్తూనే ఉంది. బట్ట తాను విప్పి, నలభై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అట్ట నమూనాలు పెట్టి, సుద్దతో గీసి, కరెంటు కత్తితో కొయ్యడం అతని పని. ఒక్క పొర జరిగితే నలభై చొక్కాల భుజాలు వంకరపోతాయి. పధ్నాలుగేళ్లలో అలా ఒకే ఒక్కసారి జరిగింది. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటాడు.

అతను పనిచేసే బల్ల మాత్రం అతని కోసం చేసింది కాదు. అంతకుముందున్న మాస్టరు పొట్టి మనిషి. ఆయన కొలతకు చేయించిన బల్ల మీద ఈయన పధ్నాలుగేళ్లుగా సగానికి వంగి కోస్తున్నాడు. మనిషి ఎదురుగా నిలబడితే చాలు, టేపు తియ్యకుండానే భుజం ఎంతో, నడుము ఎంతో చెప్పెయ్యగలడు. అలాంటివాడు తన నడుముకూ ఆ బల్లకూ మధ్య ఎంత దూరమో ఎన్నడూ చూసుకోలేదు. ఓనరును అడిగితే పోయేది. కానీ ఎవర్నైనా ఏదైనా అడగాలంటే మాస్టరుకు నాలుక పిడచకట్టుకుపోతుంది. అదో జబ్బు. దానికి మందు లేదు.

అక్క అతని కంటే తొమ్మిదేళ్లు పెద్దది. ఎత్తు నాలుగడుగుల పది. ఇద్దర్నీ పక్కపక్కన చూసి నవ్వని మనిషి లేడు. అమ్మ పనికి వెళ్లిపోతే అక్కే తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగేది. నాలుగేళ్లొచ్చినా దింపేది కాదు. "వీణ్ణి మోసి మోసి ఇది పొట్టిదైపోయింది. దీని పొడుగంతా వీడు లాగేసుకున్నాడు" అని ఇంటికొచ్చిన చుట్టాలందరూ హాస్యమాడేవారు. అన్నవాళ్లు నవ్వేసి మర్చిపోయారు. మాస్టరు మాత్రం దాన్ని నిజంగానే నమ్మాడు. నలభై నాలుగేళ్లొచ్చాయి, ఇద్దరు పిల్లల తండ్రి, ఇప్పటికీ లోపల ఎక్కడో నమ్ముతూనే ఉన్నాడు.

అక్క పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. ఆస్పత్రిలో టెలిఫోను ఆపరేటరు. ముప్పై ఎనిమిదో ఏట కళ్లలో ఒత్తిడి పెరిగి, మందులకు లొంగక, రెండేళ్లలో చూపు పూర్తిగా పోయింది. ఉద్యోగం పోలేదు. టెలిఫోను దగ్గర కళ్లతో పనేముంది? కానీ ఆస్పత్రి నుంచి వచ్చాక గదిలో మంచం మీద కూర్చుంటే ఇక లేచేది కాదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. అలా ఎన్నో ఏళ్లు గడిచాయి. ఆ రోజుల్లో మాస్టరు పైనుంచి దిగి వచ్చి, ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక మళ్లీ పైకి పోయేవాడు.

ఒకరోజు ఆవిడే అంది. "ఒరేయ్, బళ్లో నేను పరుగులో ఫస్టు వచ్చేదాన్ని, నీకు గుర్తుందా?"

"నేనప్పుడు నీ చంకలో ఉన్నానుగా."

"పరిగెత్తాలని ఉందిరా."

అంతే. ఆ రాత్రే మాస్టరు నీలం యూనిఫారం బట్ట అంచులు మూడు పేటలుగా అల్లి, రెండు కొసల్లో చెయ్యి దూరేలా ముడులు వేసి తాడు చేశాడు. ఒక ముడికీ ఇంకో ముడికీ మధ్య జానెడు. అక్క ఎడమ చేతికి ఒక కొస, మాస్టరు కుడి చేతికి ఒక కొస. వీధి చివర బడి మైదానం. మట్టి బాట ఒక చుట్టు నాలుగు వందల మీటర్లు. పొద్దున్నే గేటు తెరుస్తారు. ఆరేళ్లుగా వారానికి నాలుగు రోజులు ఆ బాట మీద వీళ్లిద్దరూ పరిగెత్తుతున్నారు.

అక్క ఒక్కటే షరతు పెట్టింది. గట్టిగా మాట్లాడకూడదు. "మలుపు, గుంత అని నువ్వు కేకలేస్తే మైదానంలో వాళ్లందరికీ నాకు చూపు లేదని తెలిసిపోతుంది. పాపం, పాపం అని నాలుకలు చప్పరిస్తారు. ఆ చప్పుడు నేను భరించలేనురా. నా చెవిలో చెప్పు చాలు" అంది. కాబట్టి మాస్టరు చెవిలో చెప్పేవాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి నాలుగడుగుల పది అంగుళాల మనిషి చెవిలో, అదీ పరిగెత్తుతూ. మలుపు ఎప్పుడొస్తుందో, ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ నీళ్లు నిలిచాయో చెప్పేవాడు. అది చాలదన్నట్టు చూసిందల్లా చెప్పేవాడు. గేటు దగ్గర కాపలా మనిషి కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడని, ఎవరిదో కుక్కపిల్ల తన తోక వెంట తనే తిరుగుతోందని, తూర్పున ఆకాశం నర్సుల యూనిఫారం రంగుకు వచ్చిందని. అక్క నవ్వేది. వర్క్‌షాపులో రోజంతా నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఆ అరగంటలో నోరు మూసేవాడు కాదు.

నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు. మొదట్లో పరుగయ్యాక పట్టేసినట్టుండేది. తర్వాత పరుగులోనే మొదలైంది. ఆ తర్వాత పొద్దున్నే పలకరించడం మొదలుపెట్టింది.

వర్క్‌షాపులో సలహాలకు కొదవేముంది! కాజాలు కుట్టే ఆవిడ వేడినీళ్ల సంచీ పెట్టమంది. ఇస్త్రీ చేసే ఆయన పరుపు తీసేసి నేల మీద పడుకోమన్నాడు. ఓనరు తన పాత నడుము బెల్టు తెచ్చి ఇచ్చాడు. అది మాస్టరుకు పక్కటెముకల దాకానే వచ్చింది. కొత్త బూట్లు కొన్నాడు. పరుగుకు ముందు పది నిమిషాలు కాళ్లూ చేతులూ సాగదీశాడు. పెద్ద అంగలు మానేసి చిన్న అడుగులు వేశాడు. మోచేతుల మీద బోర్లా పడుకుని, ఒళ్లు పలకలా బిగబట్టి అరవై లెక్కపెట్టే వ్యాయామం కూడా చేశాడు. భార్య పక్కన కూర్చుని లెక్కపెట్టేది. ఇరవై దాటాక జాలిపడి రెండేసి దాటేసేది. ఏం చేసినా రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చేది.

అక్కకు మాత్రం చెప్పలేదు. ఎలా చెప్తాడు? ఆవిడ పది కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చింది. ఊరంతా పరిగెత్తే పరుగు, రెండున్నర నెలలుంది. "ఒక్కసారి పదీ పరిగెత్తేస్తే చాలురా. ఆ తర్వాత ఎవరు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినా ఏమీ అనుకోను" అంది. ఆ రోజున అక్క పక్కన తాను ఉండాలి. మాస్టరుకు జీవితంలో అంతకంటే పెద్ద కోరికలేం లేవు. పిల్లల చదువులు, ఇల్లు, అన్నీ ఎలాగో జరుగుతాయని నమ్మకం. ఇదొక్కటి మాత్రం చేజారకూడదు. చిన్నప్పుడు ఆవిడ నాలుగేళ్లు మోసింది. తాను పది కిలోమీటర్లు మొయ్యలేడా?

ఆ తర్వాత వారమే, పొద్దున ఐదో చుట్టులో, కుళాయి దగ్గర మలుపు తిరుగుతుంటే నడుము పట్టేసింది. పట్టేయడమంటే మామూలుగా కాదు. కాళ్లు తనవి కాకుండా పోయాయి. మాస్టరు మోకాళ్ల మీద కూలబడ్డాడు. తాడు కిందికి గుంజింది. అక్క తూలి, నిలదొక్కుకుని, చేయి కిందికి జాపి తమ్ముడి తల తడిమింది.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"ఇప్పుడేనక్కా. కాలు మెలిక పడింది."

"అబద్ధాలాడకు. ఏడాదిగా ఈ తాడు నాకు చెప్తూనే ఉంది. కుడికాలు పడ్డప్పుడల్లా నీ చెయ్యి బిగుసుకుంటుంది. నువ్వే చెప్తావని చూశాను."

ఆవిడ అతని పక్కనే మట్టిలో కూర్చుంది. నడిచేవాళ్లు ఒకరిద్దరు ఆగి, "అయ్యో పాపం, ఏమైందండీ?" అన్నారు. అక్క వాళ్లవైపు మొహం తిప్పి, "పాపం నేను కాదండీ, వీడు" అంది.

మర్నాడే ఆవిడ తన ఆస్పత్రిలో ఫిజియోథెరపీ డాక్టరమ్మకు టెలిఫోను చేసి, తమ్ముణ్ణి చెయ్యిపట్టి లాక్కెళ్లినంత పని చేసింది. డాక్టరమ్మ వయసులో చిన్నది. మాటల్లో మొహమాటం లేదు. మాస్టరును వంచి, లేపి, పడుకోబెట్టి కాళ్లెత్తించి చూసింది. ఎముకలకేం కాలేదంది. తర్వాత ఇద్దర్నీ ఆస్పత్రి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ ఉతికిన దుప్పట్లు ఆరేసే చోటు నుంచి జనరేటరు గది దాకా సిమెంటు బాట ఉంది. ముందు మాస్టరును ఒక్కణ్ణే పరిగెత్తమంది. తర్వాత అక్క పక్కన తాను నడుస్తూ, మోచెయ్యి పట్టుకుని ఆవిణ్ణి మెల్లగా పరిగెత్తించింది. చివర్లో తాడు కట్టుకుని ఇద్దర్నీ కలిపి పరిగెత్తమంది. సగం దూరం వెళ్లేసరికి, "ఆగండి, ఆగండి" అని చప్పట్లు కొట్టింది.

"విడిగా పరిగెత్తితే ఇద్దరూ నిటారుగా ఉన్నారు. తాడు కట్టగానే ఇద్దరూ వంకరైపోయారు. మాస్టరుగారూ, మీరు కుడిపక్కకు ఎంత వంగుతున్నారో తెలుసా? ఆరేళ్లుగా మీ ఒళ్లంతా ఆ పక్క నడుము మీదే పడుతోంది. పనిలోనూ వంగే ఉంటారా?"

"బల్ల కాస్త తక్కువ ఎత్తండీ."

"ఎంతసేపు వంగుతారు?"

"పది గంటలు."

డాక్టరమ్మ తల కొట్టుకోలేదు గాని, కొట్టుకున్నంత పని చేసింది. తర్వాత అక్కవైపు తిరిగింది. "మరి మీరెందుకమ్మా గడ్డం అలా ఆకాశంలోకి పెట్టి, నడుము వెనక్కి విరుచుకుని పరిగెత్తుతున్నారు? మీకూ నొప్పి ఉండాలే?"

అక్క చేతికున్న తాడు ముడి సర్దుకుంది.

"అక్కా?" అన్నాడు మాస్టరు.

"రెండేళ్లుగా ఉంది" అంది అక్క. "మొదట్లో వీడి మాట కాస్త పైనుంచి వచ్చేది. రాను రాను మరీ చెవి పక్కనుంచి రావడం మొదలైంది. ఇంకా వంగుతున్నాడని తెలిసింది. నేను కొంచెం పైకి లేస్తే వాడికి అంత వంగే పని ఉండదు కదా అని..."

మాస్టరు చేతిలోని తాడు కొసను చూస్తూ అన్నాడు. "నువ్వు మొహం పైకెత్తితే, నా మాట వినపడట్లేదనుకున్నానక్కా. అందుకని ఇంకా వంగాను."

నవ్వాల్సిన సంగతే. డాక్టరమ్మ నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయింది. ఒకరి నొప్పి తగ్గించాలని ఒకరు, రెండేళ్లుగా పోటీపడి ఒకరికొకరు నొప్పి పెంచుకుంటూ వచ్చారు. నోరు విప్పి ఒక్క మాట చెప్పుకుంటే సరిపోయేది. ఆ ఇంట్లో ఆ అలవాటు ఇద్దరికీ లేదు మరి.

డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చూపు ఎదరకు ఉండాలి, పాదాల మీద కాదు. భుజాలు సరిగ్గా నడుము పైనే ఉండాలి. అడుగు చిన్నగా, తొందరగా పడాలి. పరుగుకు ముందు ఒళ్లు వేడెక్కించాలి. పొట్ట కండరాల వ్యాయామం మానకూడదు, లెక్కలో దొంగతనం చెయ్యకూడదు. బల్ల మోచేతులకు నాలుగు వేళ్లు మాత్రమే కిందుగా ఉండేంత ఎత్తుండాలి. "ఇవన్నీ చేసినా, ఇలా వంకరగా పరిగెత్తినంతకాలం ఒళ్లు ఊరుకోదు. ఇంకో ఏడాది ఇలాగే పోతే మీ ఇద్దరికీ పరుగు కాదు, నడక కూడా కష్టమవుతుంది. కలిసి పరిగెత్తాలంటే నిటారుగా పరిగెత్తండి. చేతకాకపోతే, ఆవిడ ఎత్తున్నవాళ్లెవరినైనా పక్కన పెట్టండి" అంది.

నిటారుగా పరిగెత్తడంలో కష్టమేముంది అనుకున్నాడు మాస్టరు. తాడు ఇంకో జానెడు పొడుగు చేశాడు. అక్క తన షరతు వదులుకుంది. "గట్టిగానే చెప్పు, ఏమైతే అదవుతుంది" అంది. మాస్టరు మైదానంలో మొదటిసారి గట్టిగా, "మలుపు!" అన్నాడు. ముందు నడుస్తున్న వాళ్లంతా గిరుక్కున వెనక్కి తిరిగారు. అక్క భుజాలు ముడుచుకుపోవడం అతనికి కనిపించింది. మరుసటి మాట అంత గట్టిగా రాలేదు. ఆ పై మాటకు తలకాయ కొంచెం కిందికి దిగింది. చుట్టు పూర్తయ్యేసరికి ఎప్పటిలాగే వంగి ఉన్నాడు, ఎప్పుడు వంగాడో తెలియదు. అక్క గడ్డం ఎప్పటిలాగే పైకి లేచి ఉంది, ఆవిడకూ తెలియదు.

రెండోరోజు భార్య వచ్చింది. మైదానం పక్క మెట్ల మీద కూర్చుని, ఎవరు వంకరపోతే వాళ్లను హెచ్చరించడం ఆవిడ డ్యూటీ. "వంగారు!", "వదినా, గడ్డం!", "మళ్లీ వంగారు!" అంటూ మూడోరోజుకు గొంతు పోగొట్టుకుంది. మూడోరోజు చివరి చుట్టులో మాస్టరు పళ్లు బిగించి, మెడ కర్రలా పెట్టుకుని పరిగెత్తాడు. అక్కకు గుంత సంగతి చెప్పడం మర్చిపోయాడు. ఆవిడ పాదం మడతపడి మోకాలు చెక్కుకుపోయింది. ఆరేళ్లలో ఆవిడ పడటం అదే మొదటిసారి.

ఆ పూట ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. భార్య కొంగు తడిపి మోకాలు తుడిచింది. మాస్టరు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. బుర్రకు తెలిసింది ఒంటికి ఎక్కట్లేదు. ఒంటిని తిడితే ఏం లాభం? ఆ వంగడం అతను నేర్చుకున్నది కూడా కాదు, ఎవరో లోపలి నుంచి మెడ పట్టి వంచుతున్నట్టు ఉండేది.

"మానేద్దాంరా" అంది అక్క. "ఆరేళ్లు పరిగెత్తాం. తక్కువేం కాదు."

"నువ్వు మానకూడదు."

"నువ్వు లేకుండా నేనెక్కడ పరిగెత్తను?"

మళ్లీ ఆ గదిలో, ఆ మంచం మీద, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చునే అక్క మాస్టరు కళ్లముందు కదిలింది. ఎదురుగా కుర్చీలో తాను.

నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రి నర్సుల యూనిఫారాల కొలతలు తీసుకోవాల్సి వచ్చింది. ఎనిమిది మంది వరుసగా నిలబడ్డారు. ఐదో ఆవిడ దగ్గర మాస్టరు టేపు ఆగిపోయింది. పొట్టిగా, గట్టిగా ఉంది. ఎత్తు నాలుగడుగుల పది. భుజం, చేతి పొడవు, మోచెయ్యి పడేచోటు అన్నీ అక్కవే. కాళ్లకు పరుగు బూట్లు, మడమల పక్క అరిగిపోయి ఉన్నాయి. మాస్టరు కొలతలు రాసుకున్నాడు. ఆ రోజంతా బల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని, గీయాల్సిన గీత గీయకుండా నిలబడ్డాడు. అడగకపోతే ఎవరికీ తెలియదు. ఆ భుజమూ అక్క భుజమూ ఒకే ఎత్తని తెలిసింది ఈ ప్రపంచంలో తనొక్కడికే.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లి, డ్యూటీ దిగి వస్తున్న ఆ నర్సును మెట్ల దగ్గర ఆపాడు. "మిమ్మల్ని ఒకటి అడగాలండీ" అన్నాడు. ఆవిడ యూనిఫారం గురించేమో అనుకుంది. అక్క పక్కన పరిగెత్తగలరా అని అతను అడగడం పూర్తయ్యేసరికి నుదురంతా చెమట. మనిషి పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరిని అడిగిన మొదటి కోరిక అదే. నర్సు, "ఆపరేటరమ్మేగా? అయ్యో, దానికింత ఎందుకండీ, రేపే వస్తాను" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. ఒప్పుకోకపోయినా బాగుండేదేమోనని ఒక్క క్షణం అనిపించింది కూడా.

అడగడం మొదలుపెట్టాడు కదా, అదే ఊపులో ఓనరును బల్ల సంగతీ అడిగేశాడు. "పధ్నాలుగేళ్ల నుంచి ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు ఓనరు. వడ్రంగి వచ్చి నాలుగు కోళ్ల కింద నాలుగు దిమ్మలు పెట్టి మేకులు కొట్టాడు. పది నిమిషాలు పట్టింది.

నర్సుకు మాస్టరే అన్నీ నేర్పాడు. కొత్త తాడు అల్లాడు, ఈసారి తెల్ల బట్టతో. మధ్యలో సరిగ్గా జానెడు. అక్కకు మిట్ట ఎక్కడం కంటే పల్లం దిగడం కష్టమని, ముందే చెప్పాలని, ఆవిడ విసుక్కుంటే అలిసిపోయినట్టని, మౌనంగా ఉంటే బాగున్నట్టని చెప్పాడు. నర్సు అన్నీ విని తన పద్ధతిలో తాను చేసింది. ఆవిడది వార్డులో ఇరవై మంచాలకు వినపడే గొంతు. "ఎడమ మలుపు, పది అడుగులు!" అని కేకేసేది. కుక్కపిల్లల గురించి, ఆకాశం గురించి ఒక్క ముక్క చెప్పేది కాదు. వెనక్కి తిరిగి చూసినవాళ్లతో, "చూసింది చాలు, తప్పుకోండి" అనేది. వారానికల్లా అక్క గడ్డం కిందికి దిగింది. నడుము నిలబడింది. రెండు చేతులూ ఒకేలా ఊగడం మొదలైంది. మాస్టరు మెట్ల మీద కూర్చుని చూశాడు. అక్క ఇంత బాగా పరిగెత్తగలదని అతనికి ఆరేళ్లలో తెలియలేదు. సంతోషించాడు. ఆ సంతోషంలో ఊపిరాడలేదు.

ఒకరోజు ఉండబట్టలేక, "బాగుందక్కా" అన్నాడు మెట్ల మీంచి. అక్క మెడ ఇటు తిరిగింది, అడుగు తప్పింది. నర్సు మొహమాటపడుతూనే చెప్పింది. "ఏమనుకోకండి మాస్టరుగారూ. మీ గొంతు వినపడితే ఆవిడ ఒళ్లంతా మీ వైపు వాలిపోతోంది. పరుగు రోజున దారిలో ఎక్కడైనా నిలబడండి గాని, మాట మాత్రం వద్దు."

మాస్టరు అక్కవైపు చూశాడు. కాదంటుందేమోనని.

"అవున్రా" అంది అక్క మెల్లగా. "మాట్లాడకు."

పరుగు రోజున అతను ఎనిమిదో కిలోమీటరు దగ్గర నిలబడ్డాడు. దారి అక్కడ ఎడమకు తిరుగుతుంది. మలుపు దాటగానే కాలిబాట అంచున ఒక రాయి లేచిపోయి గుంత పడింది. పొద్దున్నే వచ్చి దారంతా నడిచి చూసి, అన్నిట్లోకీ చెడ్డది ఇదేనని ఇక్కడ ఆగాడు. జేబులో పాత నీలం తాడు ఉంది. ఎందుకు తెచ్చాడో అతనికే తెలియదు. జనం పరిగెత్తి పోతున్నారు. చివరికి ఆ పొట్టి జంట కనిపించింది, తెల్ల తాడు మధ్యలో ఊగుతూ.

అక్క నిటారుగా ఉంది. మొహం ఎదరకు ఉంది, చెమటకు మెరుస్తోంది. దగ్గరికి వచ్చింది. "ఎడమ మలుపు!" అంది నర్సు. ఇద్దరూ ఒకే అడుగుగా తిరిగారు. గుంత ఇంకా పది అడుగులుంది. నర్సు చెప్పలేదు. ఎనిమిది. చూసిందో లేదో. ఆరు. మాస్టరు నోరు తెరుచుకుంది. చెప్పకూడదు. చెప్తే మెడ తిరుగుతుంది, తిరిగితే పడుతుంది. చెప్పకపోతే పడుతుంది. అక్క చెయ్యి జాపితే అందేంత దూరంలో ఉంది. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

"కుడికి, గుంత!" అంది నర్సు. అక్క పాదం గుంత పక్కనుంచి వెళ్లిపోయింది. ఆవిడా వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసింది మాస్టరుకు, తాను వంగి ఉన్నానని. రోడ్డు పక్కన నిలబడి, కుడిపక్కకు వంగి, సరిగ్గా అక్క చెవి ఎత్తుకు మొహం దించి ఉన్నాడు. పెదవులు ఆ మాట ఆకారంలోనే ఉన్నాయి. నిలబడబోతే నడుములో మేకు కదిలింది. మూడు వారాలుగా ఊసులేని నొప్పి. పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకుని, ఎవరూ చూడకుండా కాసేపు అలాగే ఉండిపోయాడు.

అతను నెమ్మదిగా నడిచి పరుగు ముగిసే చోటికి చేరేసరికి చాలాసేపైంది. అక్క ఒక మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. మెడలో పతకం. నర్సు ఆమెకు మంచినీళ్లు తేవడానికి వెళ్లింది. తెల్ల తాడు నర్సు చేతికే ఉండిపోయింది. మాస్టరు చప్పుడు కాకుండా పక్కన కూర్చున్నాడు.

"వచ్చావా" అంది అక్క. "ఎక్కడున్నావురా?"

"ఎనిమిదో కిలోమీటరు దగ్గర. మలుపులో."

"గుంత ఉన్న చోటా?"

"ఆ."

"అక్కడ ఉంటావనే అనుకున్నాను." పతకాన్ని వేళ్లతో తిప్పింది. "పదీ పరిగెత్తానురా. ఎక్కడా ఆగలేదు."

"చూశానక్కా. ఎంత బాగా పరిగెత్తావో."

జనం చప్పట్లు కొడుతున్నారు, ఎవరి కోసమో.

"నడుమెలా ఉంది?" అంది అక్క.

మాస్టరు కుడిచెయ్యి నడుము మీదే ఉంది. "నొప్పి లేదు" అన్నాడు.

అక్క ఎడమచెయ్యి కొంచెం లేచి, దేనికోసమో గాలిలో ఆగి, మళ్లీ ఒళ్లోకి దిగింది. "నాకూ లేదురా" అంది.

చేతుల మధ్య తాడు లేకుండా, నిజమో అబద్ధమో తెలుసుకునే దారి ఇద్దరికీ లేదు. పాత తాడు మాస్టరు జేబులోనే ఉంది. అతను బయటికి తియ్యలేదు.